దాణా తొట్టి కోసం స్కీము దాకా ఎందుకు?

మేకలకు దాణా నేల మీద పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. గోనెపట్టా పరుస్తాం, లేదంటే తట్టలో పెడతాం. నిమిషం తిరక్కుండా సగం మేకలు అందులోకి దిగి, అందులోనే పెంటికలు వేస్తాయి. ఎన్ని రకాల ఆకు తిన్నా, తొక్కిన తిండిని, మూత్రం పడ్డ తిండిని మేక ముట్టదు. ఆకలికి తిన్న పిల్లలకు పారుడు పట్టుకుంటుంది. నులిపురుగులు, నెత్తుటి పారుడు మందంతా పాకేది ఎక్కువగా ఈ దారినే.

వెనక ఇంత బాధ లేదు. బీళ్లలో, గట్ల మీద రేగు, తుమ్మకాయ మేసి సాయంత్రానికి కడుపు నింపుకుని వచ్చేవి. ఇప్పుడు బీళ్లు ప్లాట్లయ్యాయి. అడవి వైపు తోలితే గొడవ. దాణా కొనక తప్పని రోజులొచ్చాయి. కొన్న దాణా పెంటలో కలిస్తే ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

కేంద్రం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 50 శాతం సబ్సిడీ ఇస్తోంది. అందులో మేకల యూనిట్ 100 ఆడమేకలు, 5 పోతుల దగ్గర మొదలవుతుంది. పది, పదిహేను మేకలు సాకే కుటుంబం ఆ మెట్టు ఎలా ఎక్కాలి? చిన్న యూనిట్లకూ సాయం కావాలని సంఘం అడగాల్సిందే, గట్టిగానే అడగాలి. కానీ ఒక్క తొట్టి కోసం అంతదాకా ఆగడం మాత్రం మాకు తెలివైన పనిగా తోచడం లేదు.

మేం చేసుకున్నది ఇది. ఆరంగుళాల పీవీసీ పైపు, పది అడుగుల ముక్క. నిలువునా సగానికి కోస్తే రెండు తొట్లు వస్తాయని ఆశ పుడుతుంది. అవి లోతు చాలవు, బరువుకు వంగిపోతాయి. పైన మూడో వంతు మాత్రమే కోసి తీసేయాలి. రెండు కొసలకు మూతలు, అడుగున నీరు కారడానికి నాలుగు సన్నని బెజ్జాలు. కోసిన అంచులను ఆకురాయితో నున్నగా అరగదీయాలి. ఈ పని బద్ధకిస్తే మూతులు, చెవులు తెగుతాయి. గుంజలకు కట్టేటప్పుడు తొట్టి మేక రొమ్ము ఎత్తులో ఉండాలి. పెద్ద మేకకు అడుగు చోటు చొప్పున ఒక వైపు పది మేకలు నిలబడతాయి. పిల్లలకు వేరే తొట్టి కిందికి కట్టండి, లేకపోతే పెద్దవి వాటిని దగ్గరికి రానివ్వవు.

పైపు దొరక్కపోతే పలకలతోనో, వెదురుతోనో చేసుకోవచ్చు. పురుగుమందు డ్రమ్ము మాత్రం వద్దు. ఎన్నిసార్లు కడిగినా వద్దు.

దాణా దానంతట అదే జారి పడే డ్రమ్ము ఫీడర్ల వీడియోలు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. గింజ దాణాకు వాటిని మేం ఒప్పుకోం. మేకకు గింజ ఎక్కడ ఆపాలో తెలియదు. మొక్కజొన్న, జొన్న ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు పులిసి ఉబ్బుతుంది, చిటుక రోగం కూడా తగులుకోవచ్చు. సాయంత్రం బాగున్న మేక తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అందుకే డబ్బాతో కొలిచి పోయాలి. పెద్ద మేకకు రోజుకు పావు కిలో దాణా, అదీ రెండు పూటలుగా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో ఆ కొలతకు రావాలి. చిటుక రోగం టీకా తొలకరికి ముందే వేయించండి, తొట్టి ఉంది కదా అని మానొద్దు.

మిగిలిన దాణా రోజూ ఊడ్చేయాలి. తడిసి బూజు పట్టింది తింటే రోగమే.

ఇంకొకటి. తొట్టికి జానెడు పైన పొడవునా ఒక అడ్డుకర్ర కట్టాలి. తల దూరాలి, ఒళ్లు దూరకూడదు. మొదటిసారి మేం అది కట్టలేదు. మర్నాడు పొద్దున చూస్తే మూడు పిల్లలు తొట్టిలో హాయిగా పడుకుని ఉన్నాయి.