ఇన్వర్నెస్‌లో కూర్చొని డర్నెస్ గుంత పూడుస్తారంట!



చిన్న పంచాయతీలు దండగ, నాలుగూర్లు కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది, విదేశాల్లో అట్లే చేస్తారు అని చెప్పేవాళ్లు మన మధ్య ఉన్నారు. సరే, ఆ విదేశాన్నే చూద్దాం పదండి.

స్కాట్లండ్ ఉత్తరాన హైలాండ్ కౌన్సిల్ అని ఉంది. మన పాత అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు, ఆంధ్రాలో అన్నిటికంటే పెద్దది. ఈ హైలాండ్ 25,000 దాటుతుంది. జనం మాత్రం 2 లక్షల 30 వేల పైచిలుకు, అంటే మన నాలుగైదు మండలాలంత. మిగతాదంతా కొండలు, బురద నేలలు, పొడుగాటి సరస్సులు. ఎదురుగా కంటికి కనపడే ఊరికి పోవాలన్నా కొన్నిచోట్ల సముద్రపు పాయ చుట్టూ తిరిగిపోవాల్సిందే. ఇంత నేలకూ కౌన్సిల్ ఒక్కటే, ఆఫీసు ఇన్వర్నెస్‌లో. వాయవ్య మూలనున్న డర్నెస్ నుంచి అక్కడికి 160 కిలోమీటర్లకు పైనే. దీన్ని 'స్థానిక' పాలన అంటారంట!

ముందు ఇట్లా లేదు. కెయిత్‌నెస్, సదర్లాండ్ లాంటి వాటికి సొంత కౌంటీ కౌన్సిళ్లు ఉండేవి, చిన్న పట్నాలకు వాటి కౌన్సిళ్లు వాటికి. 1975లో అవన్నీ తీసేసి, ఇన్వర్నెస్‌లో ఒక పెద్దది, దాని కింద ఎనిమిది జిల్లాలు పెట్టినారు. 1996లో ఆ ఎనిమిదీ పోయినాయి. ఇప్పుడు స్కాట్లండ్ మొత్తానికి కౌన్సిళ్లు 32. మన ఒక్క ఆంధ్రాలోనే పంచాయతీలు 13 వేలకు పైన.

హైలాండ్‌లో సభ్యులు 74 మంది. సీట్లు జనాన్ని బట్టి కదా, అందుకని సదర్లాండ్‌లో ఉత్తరం, పడమర, నడుమ భాగం అంతా కలిపి ఒకటే వార్డు, ముగ్గురు సభ్యులు. 74లో ముగ్గురు చెయ్యెత్తితే ఏమవుతుందప్పా? రోడ్లేమో 6,700 కిలోమీటర్లు, చాలాచోట్ల ఒక్క బండి పట్టేంతే. ఏ గుంత ముందు పూడ్చాలో ఊరోళ్లు చెప్పొచ్చు గానీ తీర్మానం వాళ్ల చేతిలో లేదు. ఊరికి కమ్యూనిటీ కౌన్సిల్ ఉంది కదా అంటారు. ఉంది. కట్టడాల అనుమతుల్లో దాని అభిప్రాయం అడుగుతారు. పన్ను వేసే హక్కు లేదు. జీతం లేని మనుషులు, కౌన్సిల్ ఇచ్చే కొంచెం గ్రాంటు, అంతే.

ఒక మాట ఒప్పుకోవాల. జనం పలచగా ఉన్నచోట బడి, రోడ్డు నడపాలంటే ఇన్వర్నెస్ లాంటి ఊరి డబ్బు కలవాల్సిందే. కలపండి, వద్దనను. డబ్బు కలిపినంత మాత్రాన తీర్మానాన్ని కూడా ఊరు దాటించాల్నా?

ఊరోళ్లకు చేతకాదనే మాట కూడా నిలవదు. అక్కడ క్రాఫ్టర్లని మనలాంటి సన్నకారు రైతులున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో భూస్వాములు గొర్రెల కోసం సదర్లాండ్ పల్లెల్ని ఖాళీ చేయించినారు. 1886 చట్టంతో గానీ కౌలు భద్రత రాలేదు. ఈనాటికీ ఉమ్మడి మేత బీడులో ఎవరు ఎన్ని గొర్రెలు తోలాలో వాళ్లు ఎన్నుకున్న మేత కమిటీనే చూసుకుంటుంది. 1993లో అసింట్ క్రాఫ్టర్లు చందాలెత్తి, తాము సాగుచేసే ఎస్టేటునే కొనేసినారు. ఎస్టేటు నడపగలిగినోళ్లకు ఒక గుంత పూడ్చడం రాదా?

విలీనం మాట మీ ఊరికొచ్చినప్పుడు గ్రామసభకు తప్పకుండా పొండి. వీధి లైటు, మురుగు కాలువ, చెరువు కట్ట మీద తీర్మానం రేపట్నుంచి ఎవరు చేస్తారో, వాళ్లు ఎంత దూరంలో కూర్చుంటారో అడిగి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.