మన వాహనం: అద్దంపై ఆవిరి

గత సంచికలో బ్యాటరీ సంరక్షణను గురించి ముచ్చటించాము. ఈసారి హీటరు, బ్లోయరుల సంగతి. మైదాన ప్రాంతాల్లో పనిచేసే మనవంటి వారికి కారులో హీటరు ఒకటున్నదన్న విషయమే గుర్తుండదు. రామగుండంలో ఆ మీట ఏళ్ళ తరబడి నీలిరంగు వైపే ఉండిపోతుంది. అందుచేత దాని లోపం బయటపడేది కొండదారిలోనే.

మా అనుభవమూ అదే. ఒక డిసెంబరు తెల్లవారుజామున నలుగురం మండి నుండి మనాలికి బయలుదేరాము. పండోహ్ దాటాక, ఒక ప్రక్క బియాస్ నది లోయ, ఎదురుగా లారీల దీపాలు. ముందు అద్దం లోపలివైపు ఆవిరి కమ్ముకున్నది. బ్లోయరు మొదటి మూడు వేగాలకు పలకలేదు. నాలుగవ దానికి హోరు వినిపించిందే గాని అద్దం తేటపడలేదు. చేతిరుమాలుతో తుడిస్తే దీపాల వెలుగు మరింత చెదిరి, దారి బొత్తిగా కనిపించక బండి నిలిపివేశాము.

అప్పుడు చూసుకుంటే, లోపలి గాలినే త్రిప్పే మీట వేసవి నాటి అలవాటుగా వేసే ఉన్నది! నలుగురి ఊపిరిలోని తేమ ఎటూ పోలేక అద్దానికే చేరుతున్నది. బయటి గాలికి దారి తెరచి, వేడితోపాటు ఏ.సీ. కూడా వేయగా కొద్ది నిమిషాలలో అద్దం తేటపడింది. చలిలో ఏ.సీ. యేమిటని వెనుక సీటు మిత్రులు నవ్వారు. ఏ.సీ.లోని చల్లని గొట్టాలపై తేమ నీరుగా మారిపోతుంది. ఆ పొడిగాలిని హీటరు వెచ్చజేసి అద్దంపైకి పంపుతుంది. అయితే గడ్డకట్టే చలిలో కంప్రెసరు పనిచేయదు. అప్పుడు వెచ్చజేసిన బయటి గాలే శరణ్యం.

ఇక బ్లోయరు. మరునాడు మెకానిక్కు మోటారు మార్చాలన్నాడు. మోటారు కాలిపోతే నాలుగవ వేగానికి మాత్రం ఎలా తిరుగుతుంది? తక్కువ వేగాలకు విద్యుత్తు ఒక రెసిస్టరు గుండా వెళ్తుంది. గరిష్ఠ వేగానికి దానిని తప్పించుకుని నేరుగా మోటారుకు చేరుతుంది. కాలినది ఆ చిన్న రెసిస్టరే. అది గాలి మార్గంలోనే అమర్చి ఉంటుంది, బ్లోయరు గాలే దానిని చల్లబరచాలి. డాష్‌బోర్డు అర విప్పి చూస్తే ఫిల్టరు దుమ్ముతో, ఎండుటాకులతో పూడిపోయి ఉన్నది. గాలి మందగించినది అందుకే, రెసిస్టరు వేడెక్కి కాలినదీ అందుకే. ఫిల్టరు మార్చకుండా రెసిస్టరు ఒక్కటే వేస్తే మళ్ళీ కాలుతుంది. రెండూ మార్చినా మళ్ళీ కాలితే మోటారు అరిగి ఎక్కువ కరెంటు లాగుతున్నదేమో చూడాలి. ఆటోమేటిక్ ఏ.సీ. కార్లలో రెసిస్టరుకు బదులు ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉంటుంది గనుక ఈ పరీక్ష వాటికి సాధారణంగా వర్తించదు.

గాలి బాగానే వచ్చి వెచ్చదనం లేకపోతే, ఇంజను చల్లారిన తరువాతనే కూలెంటు మట్టం చూడండి. కారులో తియ్యని వాసన, అద్దంపై జిడ్డు పొర కనిపిస్తే మాత్రం హీటరు కోరు కారుతున్నదని అనుమానించి, ప్రయాణం వాయిదా వేయండి.

వచ్చే సంచికలో వైపర్లు.