బుద్ధుడి దగ్గరికి పడవలో...

శనివారం పొద్దున్నుంచే మా ఇంట్లో సందడి. పులిహోర డబ్బా, సకినాల డబ్బా, పిల్లల బట్టల సంచీ గడప దగ్గరికి చేరాయి. మెదక్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు కూడా ఉండదు. మావాళ్ల హడావుడి చూస్తే మాత్రం కాశీకి వెళ్తున్నామనుకోవాల్సిందే!

పరీక్షలయ్యాక హుస్సేన్‌సాగర్‌లో పడవ ఎక్కిస్తానని మా బాబుకు మాటిచ్చాను. పిల్లలకు మాటిస్తే తెలుసుగా, పాఠాలు మర్చిపోతారేమో గానీ అది మర్చిపోరు. నర్సాపూర్ అడవిలో కోతులను లెక్కబెడుతూ బస్సులో వెళ్లాం. రాత్రి చెల్లెలింట్లో మకాం. ఆదివారం మధ్యాహ్నానికి లుంబినీ పార్కులో ఉన్నాం.

టికెట్లు తీసుకునే సమయానికి అమ్మ ఆగిపోయింది.

‘‘నేను రాను బిడ్డా. మీరు పోయి రాండ్రి. నేనీడ్నే కూసుంట.’’

‘‘నాయినమ్మా, నువ్వు రాకుంటే నేను గూడ పోను’’ అని వాడు కొంగు పట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకు కరిగి పడవెక్కింది. లైఫ్ జాకెట్ తొడుగుతుంటే ఆమె చేతులు వణకడం చూశాను. పెద్దవయసు కదా, భయం అనుకున్నాను.

పడవ కదిలింది. పిల్లలకు నాకు తెలిసినవన్నీ చెబుతున్నాను. ఈ చెరువును 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. అంటే ఊరికి చెరువు రాలేదు, చెరువున్న చోటికే ఊరు వచ్చిందన్నమాట! పాప కళ్లు పెద్దవి చేసి వింటోంది.

బుద్ధుడు దగ్గరవుతున్నాడు. ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకున్నాను. బాబు పుట్టినరోజు చొక్కా జాకెట్ కింద కనపడటం లేదు. ‘‘ఒక్క నిమిషం తీసెయ్‌రా’’ అంటూ నేనే బెల్టు విప్పాను. వాడు బెంచీ మీద లేచి నిలబడ్డాడు.

అమ్మ వాణ్ని ఒక్క లాగు లాగి ఒళ్లో కూలేసుకుంది. ‘‘అక్కల్లేదా నీకు? పోరన్ని నీళ్ల మీద నిలవెడ్తవా?’’ పడవలో అందరూ మావైపే చూశారు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాణ్ని నలుగురిలో తిట్టిందని నాకు చిన్నతనంగా అనిపించింది.

దిగాక విగ్రహం నీడలో కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర విప్పింది. అమ్మ తినలేదు. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. వాళ్ల ఊరు మంజీర ఒడ్డున. వానాకాలం అవతలి ఒడ్డుకు పుట్టిలో పోయేవారట. ఆమెకు ఏడేళ్లప్పుడు, నడి ఏట్లో ఎవరో లేచి నిలబడ్డారు. పుట్టి ఒరిగింది. అమ్మను ఎవరో జుట్టు పట్టి లాగారు. ఆమె అన్న మూడో రోజు దొరికాడు.

ఒక మేనమామ చిన్నప్పుడే పోయాడని తెలుసు. ఎలా పోయాడో ఇన్నేళ్లలో నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

మాట మార్చాలని బుద్ధుడి కథ ఎత్తుకున్నాను. భువనగిరి దగ్గర రాయగిరిలో గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కిన ఏకశిల. ఎత్తు 58 అడుగులు, బరువు దాదాపు 350 టన్నులు. ఎన్టీఆర్ తలపెట్టిన పని. 1990 మార్చి 10న బార్జి మీద తీసుకొస్తుంటే అది ఒరిగిపోయింది. విగ్రహం నీళ్లపాలైంది. పదిమంది ప్రాణాలు పోయాయి. మళ్లీ పైకి తీసి ఇక్కడ నిలబెట్టింది 1992 డిసెంబరు 1న.

అమ్మ తలెత్తి విగ్రహాన్ని చూసింది. ‘‘ఈయన్నంటే రెండేండ్లకైనా తీసిండ్రు. ఆ పదిమందిని ఎవరు తేవాలె బిడ్డా?’’

నా దగ్గర జవాబు లేదు.

విహారయాత్రంటే మనకు ఫొటోలే గుర్తు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలోనూ ఇలా సరదాగా బయల్దేరిన కుటుంబాలే ఉన్నాయి. దాదాపు 50 మంది పోయారు. ప్రాణాలతో బయటపడినవాళ్లలో చాలామంది లైఫ్ జాకెట్లు వేసుకున్నవాళ్లే. ఈ వార్త చదివి, చదివించి కూడా నేను నా కొడుకు బెల్టు విప్పాను. ఒక చొక్కా కనపడాలని!

అందుకే పాఠకులకు ఒక మాట. సెలవులకు పడవెక్కండి, పిల్లల్ని ఎక్కించండి. భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడం మందు కాదు. కాకపోతే దిగేదాకా జాకెట్ విప్పొద్దు. నడి నీళ్లలో ఎవర్నీ నిలబడనివ్వద్దు. పడవ కిక్కిరిసి ఉంటే తర్వాతి పడవకు వెళ్లండి. అరగంట ఆలస్యమైతే ఏం పోతుంది? మా దగ్గర ఏడుపాయల్లో పడవలు లేకున్నా పాయలున్నాయి. వరద వచ్చినప్పుడు మెట్ల దాకా వెళ్లి సెల్ఫీలు తీసుకునేవారికీ ఇదే మాట.

తిరుగు పడవలో అమ్మ అందరి బెల్టులూ లాగి చూసింది. నాదీ వదల్లేదు. బాబు ఆమె ఒళ్లో కూర్చున్నాడు. ఒడ్డు దగ్గరవుతుంటే వాడి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏమందిరా అని తర్వాత అడిగాను.

‘‘మళ్ల వద్దామన్నది డాడీ!’’

ఆ రోజు ఫొటోల్లో కొత్త చొక్కా ఎక్కడా లేదు. అందరం నారింజ రంగు జాకెట్లలోనే ఉన్నాం. అదే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం.