అరకొర బ్రేకు పని ఆయువుకే ముప్పు



"పంతులుగారూ, పద్యాలు చెప్పుకోక చక్రాల దగ్గర మీకేం పని?" అని ఇరుగుపొరుగువారు నవ్వుతున్నారు. బ్రేకుల పని ఇంట్లో చేసుకోవడమే అపచారమని వారి తీర్పు. నా వాదం వేరు. ఇంట్లో చేయడం తప్పు కాదు, అరకొరగా చేయడం తప్పు. ఆ తప్పు ఇంటి ముంగిట జరిగినా, షెడ్డులో జరిగినా ఒక్కటే.

నిరుడు తిరుమల కనుమదారిలో దిగుతుండగా పెడల్ మెత్తబడి లోపలికి కుంగిపోయింది. వెనుక సీటులో మనుమలిద్దరు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి, దైవకృపవల్ల ఆపగలిగాను. చిన్న గేరులో దిగక బ్రేకు తొక్కుతూ దిగడం నా దోషమే, ఒప్పుకొంటాను. అయితే అంతకు రెండు నెలల ముందే ఒక షెడ్డువారు "బ్రేకుల పని పూర్తయింది" అని సొమ్ము పుచ్చుకొన్నారు. వారు మార్చినవి ప్యాడ్లు మాత్రమే. బ్రేకు ఆయిల్ బండి కొన్ననాటిదే!

ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదు. నీరు 3.7 శాతం చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం అణగదు, ఆవిరి అణగుతుంది. కాలి బలమంతా బుడగలను నొక్కడానికే వ్యయమై, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

కనుక ప్యాడ్లు మార్చి పని అయిందనడం, మొదటి పుట చూసి పత్రమంతటికీ మార్కులు వేయడం వంటిది. డిస్కు మందం కొలిచి, దానిపై ముద్రించిన కనీస కొలతతో పోల్చాలి. క్యాలిపర్ జారే పిన్నులను తుడిచి, అందుకు తగిన సిలికాన్ గ్రీజు పూయాలి. చేతికందిన గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది. పిన్ను బిగుసుకొంటే ఒక ప్యాడ్ అరిగిపోతుంది, రెండవది కొత్తగానే ఉంటుంది. క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయరాదు, తీగతో కట్టాలి. పాత ఆయిల్ తీసి, కొత్తది పోసి, గొట్టాలలోని గాలిని పూర్తిగా తీయాలి. బండి కదపకముందే పెడల్ గట్టిపడేవరకు తొక్కి చూడాలి.

"ఇంత తతంగం ఎందుకు? బండి ఆగుతోంది కదా!" అంటారు. వీధి మలుపులో ఆగడం పరీక్ష కాదు. నిండు బరువుతో కనుమ దిగేటప్పుడు ఆగడం పరీక్ష. యతి తప్పిన పద్యాన్ని మళ్ళీ దిద్దుకోవచ్చు, బ్రేకు తప్పిన బండికి ఆ వెసులుబాటు లేదు.

ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరేవారూ, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకును సర్వీసు మోడులో పెట్టడం తెలియక వెనుక పిస్టన్‌ను బలవంతంగా నెట్టేవారూ ఈ పనికి దూరంగా ఉండడమే మేలు. తెలియదని ఒప్పుకోవడం అవమానం కాదు. షెడ్డుకు ఇచ్చేవారు మాత్రం "ఏమేం మార్చారు? ఏమేం కొలిచారు?" అని అడిగి తీరాలి.

ఈ ఏడు ఆ పని నేనే చేశాను. రెండు పూటలు పట్టింది. నవ్వేవారు నవ్వనీ, వెనుక సీటులో కూర్చునేది నా మనుమలు.

స్వస్తి.