ఊరికే పోయే హక్కు

"ఫ్రీ బస్సు వచ్చిన కాణ్నుంచి ఆడోళ్లు పనిలేకున్నా ఊర్లు తిరుగుతున్నరు." ఎల్లారెడ్డి బస్టాండులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఈ ఎత్తిపొడుపూ దాంతోపాటే మొదలైంది. దవాఖానకు పోతున్నాం, కూలికి పోతున్నాం, పిల్లల చదువులకు పోతున్నాం అని మేమూ సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చాం. ఆ సంజాయిషీయే తప్పని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. పని లేకుండా పోతే మాత్రం ఏమిటి?

పోయిన చలికాలం మా సంఘంలోని పద్నాలుగు మంది బీడీ కార్మికులు ఒక రోజు ఎక్కడికైనా పోయి వద్దామన్నారు. ఒకామెకు సముద్రం చూడాలని ఉంది. విశాఖలో ఉండే స్త్రీ అయితే రుషికొండా, భీమిలా అని ఎంచుకోవచ్చు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు ప్రాజెక్టులే సముద్రాలు. ఒకటి 1922లో పూర్తయిన పోచారం, పక్కనే అభయారణ్యం. ఇంకొకటి మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్.

ఏది అందంగా ఉంటుందని మాలో ఒక్కరూ అడగలేదు. దొడ్డికి పోవడానికి చోటుందా? తాగే మగవాళ్లు ఎటువైపు కూర్చుంటారు? చెట్టునీడ ఉందా? మత్తడి దుంకుతుంటే దగ్గరికి పోవచ్చా? తిరుగు బస్సు ఎన్నింటికి? మా ఎంపిక అంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. మోటారు సైకిలెక్కి పోయే మగవాడికి వీటిలో ఒక్క ప్రశ్నా తట్టదు. అతనికి పెట్రోలుంటే చాలు. మేం చోటును ఎంచుకోలేదు, ఉన్నవాటిలో తక్కువ భయం ఉన్నదాన్ని ఎంచుకున్నాం.

ఇంట్లో అడగడం అంతకంటే కష్టమైంది. "నీళ్లకాడ నీకేం పని?" అన్నాడు ఒకామె భర్త. ఆమె మొక్కుందని అబద్ధం చెప్పి వచ్చింది. ఆలోచించి చూడండి. బట్టలుతకడానికి చెరువుకు పోతే ఎవరూ అడ్డుపడరు. బతుకమ్మను సాగనంపడానికి పోతే తోడు వస్తారు. చావు స్నానానికైతే పొమ్మనే చెబుతారు. ఆ నీళ్ల పక్కనే ఊరికే గంటసేపు కూర్చుంటామంటే మాత్రం ఇంటి పరువు అడ్డం వస్తుంది. చాకిరికి, పండుగకు, చావుకు పనికొచ్చే ఆడది తన సంతోషానికి ఎందుకు పనికిరాదు?

ఆ ఒక్కరోజూ వాళ్లకు ఎవరూ ఇచ్చిన సెలవు కాదు. ముందు రెండు రాత్రులు మేలుకొని ఆ రోజు బీడీలు కూడా చుట్టి పెట్టారు. తెల్లవారుజామున వంట చేసి, పిల్లలకు గిన్నెలు సర్ది వచ్చారు. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 జాతీయ సమయ వినియోగ సర్వే లెక్కగట్టింది. ఆ పని చేసే మగవాళ్ల సంగతే ఇది. అసలు ముట్టని వాళ్లు ఈ సగటులో లేరు. టికెట్ ఉచితమే, రోజు మాత్రం ఉచితం కాదు.

మేం పోయిన ఒడ్డున మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది. చీర అడ్డం పట్టుకుని వంతులవారీగా తుప్పల చాటుకు పోయాం. మధ్యాహ్నానికి సీసాలతో గుంపు దిగింది. బస్సుకు ఇంకా రెండు గంటలున్నా లేచి వచ్చేశాం. అయినా ఒక సంగతి చెప్పాలి. మాతో వచ్చిన అరవయ్యేళ్ల పెద్దవ్వ మోకాటిలోతు నీళ్లలో చాలాసేపు నిలబడింది. "ఏం పని లేకుండ నీళ్లల్ల నిలవడుడు నాకు గిదే మొదలు బిడ్డా" అంది. అరవై ఏళ్లలో మొదటిసారి!

"కూలి రేట్లు, గృహహింస ఉండగా ఈ షికార్లేమిటి?" అని మన మిత్రులే అడుగుతారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం కూడా స్త్రీలను బయటికి తీసుకుపోతే దానికి 'ఎక్స్‌పోజర్ విజిట్' అని పేరు పెడతాం, తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నారో రిపోర్టు రాయిస్తాం. భర్త అడిగిన "ఏం పని?" అనే ప్రశ్ననే మనం కాగితం మీద అడుగుతున్నాం. విశ్రాంతి, తీరిక మనిషి హక్కని 1948 విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతోంది. స్త్రీల వివక్షా నిర్మూలన ఒడంబడిక 13వ అధికరణం వినోదంలో సమాన హక్కును గుర్తించింది. దాన్ని భారత ప్రభుత్వం 1993లో ఆమోదించింది. కూలి కోసం పోరాడేది బతకడానికే కదా, ఆ బతుకులో ఒక తీరిక రోజు లేకపోతే ఎట్లా?

విశాఖ రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు ఉండాలన్నది దాని షరతుల్లో ఉంది. విదేశీ జెండా కోసం చేయగలిగింది బీడీలు చుట్టే స్త్రీల కోసం ఎందుకు చేయరాదు? మా కోరికలు పెద్దవేం కావు. ప్రతి ప్రాజెక్టు ఒడ్డున తాళంలేని, నీళ్లున్న మరుగుదొడ్డి కావాలి. తాగుడు మీద నిషేధం పెట్టి, దాన్ని అమలు చేయాలి. సెలవు రోజుల్లో సాయంత్రం బస్సు నడపాలి. 2025 ఆగస్టు వరదలు కామారెడ్డి జిల్లాకు నేర్పిన పాఠం ఉంది కాబట్టి, నీళ్లు ఎప్పుడు ప్రమాదమో చెప్పే బోర్డు, కాపలా మనిషి ఉండాలి.

ఈ కోరికలు రాసుకుని సంతకాలు పెట్టించుకుంటున్నాం. మీ ఊళ్లలోనూ పెట్టించండి. అంతకంటే ముందు మీ సంఘంతో ఒకరోజు ఎక్కడికైనా పోయి రండి. రిపోర్టు రాయకండి. ఎవరైనా ఏం పని మీద పోయారని అడిగితే ఊరికేనని చెప్పండి.