ఎత్తు సరే, ఆర్సీ సంగతేంటి?

ఇల్లుగా మార్చుకోవడానికి ఎత్తు కప్పు సరకు వ్యాన్ కొనాలనుకునేవారు ముందు కొలవాల్సింది కప్పును కాదు. రాయ్‌పూర్ ఎండలో ఆ పొరపాటు ఖరీదు మరీ ఎక్కువ

రాయ్‌పూర్ మీదుగా దక్షిణానికి సాగే 30వ నెంబరు జాతీయ రహదారి ధమ్‌తరి, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగ్దల్‌పూర్, సుక్మా, కుంట మీదుగా తెలుగు నేలలోకి దిగుతుంది. భద్రాచలాన్ని పలకరించి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. చీకటి పడిన చోట పడక వేసుకుని, తెల్లారగానే టీ కాచుకుని ముందుకు సాగిపోవాలన్న కోరిక పుట్టడానికి ఇంతకన్నా మంచి దారి అక్కర్లేదు. రిటైర్మెంట్ డబ్బు చేతికందిన దంపతులైనా, లాప్‌టాప్ ఉంటే ఎక్కడైనా పనిచేయగల కుర్రకారైనా చివరికి వచ్చి ఆగేది ఒకే ప్రశ్న దగ్గర: ఏ వ్యాన్ కొనాలి?

తెలుగువారికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చి, దాన్నే వేదికగా, విశ్రాంతి గదిగా చేసుకుని రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరికల్లా ఆ రథం ఆయన్ను ముఖ్యమంత్రి పీఠం దాకా తీసుకెళ్లింది. ఇప్పుడు ఓ మామూలు కుటుంబం అలాంటి బండి తయారు చేయించుకోవాలంటే ముందుగా ఎదురయ్యేది జనం కాదు, రవాణా శాఖ అధికారి.

విదేశీ పుస్తకాలూ వీడియోలూ ఇక్కడ పెద్దగా పనికిరావు. వాటిలో మెరిసే ఫియట్ డుకాటో, ఫోర్డ్ ట్రాన్సిట్ సరకు వ్యాన్లు భారత మార్కెట్లో దొరకవు. ఇక్కడ మిగిలేవి ప్రధానంగా మూడు. మొదటిది, మూడున్నర దశాబ్దాలకు పైగా టెంపో ట్రావెలర్‌గా జనం నోట నలిగిన ఫోర్స్ ట్రావెలర్. రెండోది 2007లో వచ్చిన టాటా వింగర్. మూడోది ఫోర్స్ మోటార్స్ 2022 చివర్లో తెచ్చిన అర్బేనియా. మారుతి ఈకో లాంటివి చవకే కానీ, వాటిలో నడుం వంచకుండా చొక్కా తొడుక్కోవడం కూడా కష్టం.

ఈ మూడింటి మధ్య తేడా ధరలోనే కాదు, నడకలోనూ ఉంది. వింగర్‌ను ముందు చక్రాలు లాగుతాయి. అందువల్ల నేల కిందికి ఉండి, ఎక్కడం దిగడం తేలిక. మోకాళ్ల నొప్పులున్న వారికి ఇది చిన్న విషయం కాదు. అయితే మంచం, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ బరువంతా వెనక పడితే వానాకాలపు బురద ఎగువలో ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. ట్రావెలర్, అర్బేనియాలను వెనక చక్రాలు నెడతాయి కాబట్టి ఆ బరువు వాటికి కొంత మేలే చేస్తుంది. పైగా ఊరూరా తిరిగే ట్రావెలర్‌ను బాగుచేసే మెకానిక్ దాదాపు ప్రతి పట్నంలోనూ ఉంటాడు. కొండగావ్ దాటాక బండి మొరాయిస్తే ఆ భరోసా విలువ తెలుస్తుంది.

ఇక ఎత్తు. షోరూంలో నిలబడి తల తగలలేదని సంబరపడితే సరిపోదు. కప్పుకు ఇన్సులేషన్, దాని మీద పలక కలిపి నాలుగైదు సెంటీమీటర్లు తింటాయి. నేల మీద ప్లైవుడ్, షీటు మరో రెండు మూడు. అంటే 5 అడుగుల 8 అంగుళాల మనిషి హాయిగా నిలబడాలంటే ఖాళీ వ్యాన్‌లో లోపలి ఎత్తు కనీసం 185 సెంటీమీటర్లుండాలి. వెడల్పుదీ అదే కథ. ఈ బండ్ల బయటి వెడల్పే రెండు మీటర్లకు అటూ ఇటూ. గోడల మందం పోగా పొడగరి అడ్డంగా కాళ్లు చాపలేడు. మంచం పొడవునా వేయాల్సిందే. అప్పుడు వంటగట్టుకు చోటు తగ్గుతుంది. అందుకే కొనే ముందు నేల మీద సుద్దముక్కతో వ్యాన్ కొలతలు గీసి, మంచం ఎక్కడో, పొయ్యి ఎక్కడో చూసుకోవడం మంచిది.

కాగితం మెలిక

అసలు చిక్కు కొలతల్లో లేదు. సరకు వ్యాన్ ప్రయాణికుల వ్యాన్ కన్నా చవక. కిటికీలు, సీట్లు లేని ఖాళీ పెట్టె. లారీల అడ్డా అయిన టాటీబంధ్ పరిసరాల్లో ఏ షెడ్డులోనో మంచం, అల్మరా బిగించుకుంటే సరిపోతుందని చాలామంది లెక్క. కానీ ఆర్సీలో అది సరకు వాహనమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని యజమాని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. సరకు వాహనానికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ తప్పదు. పరీక్షకు తెచ్చిన బండి తలుపు తీయగానే పరుపు కనిపిస్తే అధికారి ఏం రాస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఫిట్‌నెస్ పోతే డబ్బు పోతుంది. ప్రమాదం జరిగితే పోయేది అంతకన్నా ఎక్కువ. సరకు వాహనంలో ఉచితంగా ప్రయాణించే వారికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. వెనక మంచం మీద నిద్రపోతున్న భార్యాపిల్లలు పాలసీ కళ్లకు మనుషులుగా కనిపించకపోవచ్చన్న మాట.

దీనికి చట్టంలోనే దారి ఉంది. క్యారవాన్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. రవాణా శాఖ 'వాహన్' వ్యవస్థలో వ్యక్తిగత వాడకానికి 'క్యాంపర్ వ్యాన్' అనే తరగతీ ఉంది. కాబట్టి సరకు వ్యాన్‌గా రిజిస్టర్ చేయించి తర్వాత మార్చడం కన్నా, ఆ ప్రమాణం కింద ధ్రువీకరణ పొందిన తయారీదారు దగ్గరే బండిని సిద్ధం చేయించి, మొదటి రిజిస్ట్రేషనే క్యాంపర్‌గా చేయించుకోవడం క్షేమం. ఖర్చు ఎక్కువే. కానీ సీజీ-04 నెంబరు పలక బిగించాక వెనక్కి తిరగడం అంతకన్నా ఖరీదు. అడ్వాన్సు కట్టే ముందు ధ్రువీకరణ పత్రం నకలు తీసుకుని ఆర్టీవో ఆఫీసులో చూపించి అడగడం ఒక్క పూట పని. లైసెన్సు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు వాహనానికి తేలికపాటి వాహన లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది.

రేకు కింద మే నెల

కాగితం తర్వాతి పరీక్ష సూర్యుడిది. మే నెలలో రాయ్‌పూర్ పాదరసం 45 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. ఎండలో నిలిపిన రేకు పెట్టె లోపల వేడి అంతకు మించిపోతుంది. తెల్ల రంగు, కప్పుకు మందపాటి ఇన్సులేషన్, వేడిని బయటికి లాగే ఫ్యాన్ విలాసాలు కావు. పొడి గాలి వీచే మేలో కూలర్ ఆదుకుంటుంది. జూలైలో చెమ్మ చేరాక అదే కూలర్ ఉక్కపోతను పెంచుతుంది.

అక్కడే ఏసీ ఆశ మొదలవుతుంది. ఒక టన్ను ఏసీ పూర్తి జోరు మీద గంటకు సుమారు ఒక యూనిట్ కరెంటు తాగుతుంది. 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది సుమారు రెండున్నర యూనిట్లు. అంటే తొలి జాము గడవకముందే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మిగిలిన రాత్రికి జనరేటర్ పెడదామన్న ఆలోచనే ప్రాణాంతకం. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. జనరేటర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ నేలలోని రంధ్రం గుండా లోపలికి చేరినట్లు నిపుణుల పరిశీలనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి హెచ్చరికా ఉండదు. నేలకు పెట్టే ప్రతి కన్నాన్నీ మూసేయడం, మోనాక్సైడ్ అలారం బిగించడం, జనరేటర్ నడుపుతూ లోపల పడుకోకపోవడం తప్పనిసరి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు కనుక లీకైతే నేల మీదే పేరుకుంటుంది. సిలిండర్ అర అడుగున బయటికి గాలి దారి ఉండాలి.

చివరిది బరువు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే 30 కిలోల పైచిలుకు. పని పూర్తయ్యాక మనుషులు, సామానుతో సహా ఓసారి తూకం వేయించి ఆర్సీలోని మొత్తం బరువుతో పోల్చుకోవాలి. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో వేబ్రిడ్జిలకు కొదవలేదు. కేశ్‌కాల్ ఘాట్ దిగేటప్పుడు బ్రేకులకు తెలిసే సంగతి అక్కడే తెలుసుకోవడం మేలు.

కాబట్టి వరస తిరగెయ్యాలి. ముందు ఆర్సీ తరగతి, తర్వాత గాలి, వేడి, ఆపైన బరువు, అన్నిటికీ చివర కప్పు ఎత్తు. అంత డబ్బు పెట్టే ముందు మే నెలలో ఓ ట్రావెలర్‌ను మూడు రోజులు అద్దెకు తీసుకుని చిత్రకోట్ దాకా వెళ్లి రావడం ఇంకా తెలివైన పని. ఆ మూడు మధ్యాహ్నాలు గడిచాక కూడా కోరిక చల్లారకపోతే, అప్పుడు బేరం మొదలెట్టవచ్చు.