గ్యాస్ ఉంది.. వెచ్చదనమేదీ?

అమెరికాలో టెక్సాస్ అంటే ఎండల రాష్ట్రం. జులై, ఆగస్టుల్లో అక్కడి ఎండ చూస్తే మన రెంటచింతల గుర్తొస్తుంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడటానికి ఉద్యోగాలతోపాటు ఆ వాతావరణమూ ఒక కారణమే. షికాగోలోనో, బోస్టన్‌లోనో ఉన్నవాళ్లలా తెల్లారగానే పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోసుకోవాల్సిన అవసరం లేదు. చలికాలం మొత్తానికి ఓ మాదిరి కోటు, రెండు స్వెట్టర్లు ఉంటే గడిచిపోతుంది. ఇళ్లు కట్టేవాళ్లూ అలాగే కట్టారు. లోపలి చల్లదనం బయటికి పోకుండా చూసుకున్నారే తప్ప బయటి చలి లోపలికి వస్తే ఏమిటన్నది పెద్దగా ఆలోచించలేదు.

అలాంటి చోట 2021 ఫిబ్రవరిలో చలి విరుచుకుపడింది. 16వ తేదీ ఉదయం డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తర్వాత ఆ ఊరు అంత చలి చూడలేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో మునిగిపోయాయి. నాలుగు పడకగదుల ఇళ్లలో జనం ఒకే గదిలో ముడుచుకుని కూర్చున్నారు. కొందరు పాత కుర్చీలు, కంచె చెక్కలు విరిచి చలిమంట వేసుకున్నారు. కొళాయిలో నీళ్లు రాక, బయటి మంచు బకెట్లతో తెచ్చి కరిగించి మరుగుదొడ్లో పోసుకున్నారు. చమురుకూ, సహజవాయువుకూ పుట్టినిల్లులాంటి రాష్ట్రం కాస్త వెచ్చదనం కోసం అల్లాడింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే!

ఆ నాలుగు నిమిషాలు

కరెంటు గ్రిడ్డు బరువు లాగే ఎద్దుల బండి లాంటిది. బరువు పెరిగినా, కాడి మోసే ఎద్దుల్లో ఒకటి కూలబడినా నడక మందగిస్తుంది. ఆ నడకనే ఫ్రీక్వెన్సీ అంటారు. మన దేశంలో అది 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఫిబ్రవరి 14 ఆదివారం రాత్రి టెక్సాస్ వాడకం 69 వేల మెగావాట్లు దాటింది. చలికాలంలో అప్పటికి అదే రికార్డు. ఇళ్లలో హీటర్లు గరిష్ఠస్థాయిలో నడుస్తుంటే, అవతల విద్యుత్ కేంద్రాలు ఒకటొకటిగా ఆగిపోసాగాయి. కొన్నిచోట్ల యంత్రాల్లో నీటి గొట్టాలు గడ్డకట్టాయి. గాలిమరల రెక్కలకు మంచు పట్టింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్యాస్ దగ్గర తగిలింది. బావుల దగ్గర గ్యాస్‌తోపాటు వచ్చే తేమ గడ్డకట్టి సరఫరా తగ్గింది. అందులోనూ కొన్ని గ్యాస్ కేంద్రాలకే కరెంటు కోత పడింది. కరెంటు లేక గ్యాస్ రాలేదు, గ్యాస్ రాక కరెంటు లేదు. గోరుచుట్టు మీద రోకలిపోటు!

15వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలు కావస్తుండగా ఫ్రీక్వెన్సీ 59.4 కన్నా కిందికి దిగింది. అక్కడే 9 నిమిషాలపాటు ఉండిపోతే మిగిలిన కేంద్రాలూ తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. గ్రిడ్డు మొత్తం కుప్పకూలితే మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టొచ్చు. ఆ పరిస్థితి నాలుగు నిమిషాల పైచిలుకు సాగింది. నిర్వాహకులు ఊళ్లకు ఊళ్లు ఆపేసి గ్రిడ్డును గట్టెక్కించారు.

మామూలుగానైతే ఇలాంటి కోతలు వంతులవారీగా వేస్తారు. ఈ వీధికి అరగంట, ఆ వీధికి అరగంట. కానీ ఆపాల్సింది ఏకంగా 20 వేల మెగావాట్లు. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాలున్న లైన్లను ఆపకూడదు. అవి పోగా మిగిలినవన్నీ ఆపినా సరిపోని పరిస్థితిలో వంతులు తిప్పడానికి లైన్లే మిగల్లేదు. అందుకే ఒక వీధిలో దీపాలు వెలుగుతుంటే పక్క వీధిలో రెండు మూడు రోజులు చీకటి!

పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి సొంత గ్రిడ్డు ఉంది. తూర్పు, పడమర అమెరికా గ్రిడ్లతో దానికున్న బంధం చాలా సన్నని దారం. మన దక్షిణాది కూడా ఒకప్పుడు ఇంచుమించు అలాగే ఉండేది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ లైను కలిశాకే దేశమంతా ఒకే గ్రిడ్డయింది.

గ్యాస్ ఫర్నేస్ ఎందుకు ఆగింది?

టెక్సాస్‌లో సగానికి పైగా ఇళ్లకు కరెంటే వేడినిస్తుంది. మిగిలిన వాటిలో ఎక్కువగా ఉండేది గ్యాస్ ఫర్నేస్. ‘మనది గ్యాస్ కదా, మనకేం ఫర్వాలేదు’ అనుకున్నవాళ్లకు ఆ రాత్రి అసలు సంగతి తెలిసింది. ఫర్నేస్‌లో మంట గ్యాస్‌దే. కానీ దాన్ని అంటించే ఇగ్నైటరుకు కరెంటు కావాలి. వేడిగాలిని గొట్టాల గుండా గదులకు తోసే పెద్ద ఫ్యానుకు కరెంటు కావాలి. ఈ రెండింటినీ నడిపించే బోర్డుకూ కరెంటే ఆధారం. అది లేకపోతే గ్యాస్ గుమ్మం దాకా వచ్చినా వృథాయే.

కరెంటుతో వేడినిచ్చే ఇళ్లలో కొన్నిటికి హీట్ పంప్ ఉంటుంది. అది తిరగేసిన ఏసీ లాంటిది. ఏసీ ఇంట్లో వేడిని బయటికి తోస్తుంది, ఇది బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని పోగుచేసి లోపలికి తెస్తుంది. చలి ముదిరేకొద్దీ బయట తెచ్చుకోవడానికి వేడి తగ్గిపోతుంది. అప్పుడు లోపల ఉన్న హీటర్ తీగలు అందుకుంటాయి. అవి మన వాటర్ హీటరులోని కాయిల్ లాంటివే. ఇవి మొదలైతే కరెంటు వాడకం కొన్ని రెట్లు పెరుగుతుంది. లక్షల ఇళ్లలో ఒకే రాత్రి ఆ తీగలు ఎర్రబడ్డాయి. గ్రిడ్డు మీద అంత బరువు పడటానికి ఇదొక ముఖ్య కారణం.

వాసన లేని విషం

ఆ వారం మొత్తమ్మీద 246 మంది ప్రాణాలు కోల్పోయారని రాష్ట్ర ఆరోగ్యశాఖ తేల్చింది. ఎక్కువ మందిని బలిగొన్నది చలే. కొందరిని మాత్రం చలి నుంచి కాపాడుకోబోయిన ప్రయత్నమే చంపింది. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి అందులో కూర్చున్నవాళ్లున్నారు. పెరట్లో వాడే బొగ్గుల పొయ్యిని హాల్లోకి తెచ్చుకున్నవాళ్లున్నారు. జనరేటరును గుమ్మం పక్కనే నడిపినవాళ్లూ ఉన్నారు. వీటన్నిటి నుంచీ వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత తల తిరగడం, వికారం. చలికి నీరసించామనుకుని పడుకుంటే మళ్లీ లేవరు.

ఇది అమెరికా కథ అని తీసిపారేయడానికి లేదు. లంబసింగిలో, ఆదిలాబాద్ పల్లెల్లో చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటే జరిగేదీ ఇదే. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టుకున్నా ఇదే ప్రమాదం. నిప్పు ఉన్నచోట కిటికీ తెరిచి ఉండాలి. పడుకునే ముందు కుంపటి బయట పెట్టేయాలి. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. కారులో వెచ్చగా కూర్చోవాలంటే దాన్ని గ్యారేజీ నుంచి పూర్తిగా బయటికి తీయాలి. పొగగొట్టానికి మంచు అడ్డం పడలేదని చూసుకోవాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో ఉంటే అంతకన్నా మంచి కాపలా మరోటి లేదు.

పైపు పగిలేది చలికి.. తెలిసేది ఎండకి

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. గొట్టం మధ్యలో మంచు బిరడాలా పడితే దానికీ, మూసిన కొళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికే గొట్టం చిట్లుతుంది. కొళాయిని సన్నటి ధారగా వదిలేయమని చెప్పేది అందుకే. నీళ్లు కదలడం ఒక లాభమైతే, ఒత్తిడికి దారి దొరకడం అంతకన్నా పెద్ద లాభం.

టెక్సాస్ ఇళ్లలో నీటి గొట్టాలు చాలావరకు అటకమీదుగా, బయటి గోడల్లోంచి పోతాయి. మంచు బిరడా ఉన్నంతసేపూ చిట్లిన గొట్టం కూడా కారదు. నాలుగో రోజు ఎండ వచ్చి మంచు కరిగాక అసలు నష్టం మొదలైంది. పైకప్పులు తడిసి ఊడిపడ్డాయి. చలిని తట్టుకున్న ఇళ్లు నీళ్లలో నానాయి. ఇంటికి వచ్చే నీటిని ఆపే ప్రధాన వాల్వు ఎక్కడుందో తెలిసినవాళ్లు బకెట్ నీళ్లతో బయటపడ్డారు. తెలియనివాళ్ల ఇళ్లలో తివాచీలు, చెక్క నేల, గోడలు అన్నీ పోయాయి. మరోవైపు నీటి శుద్ధి కేంద్రాలకూ కరెంటు లేక, గొట్టాల్లో ఒత్తిడి పడిపోయింది. నీళ్లు మరిగించుకునే తాగాలని కోటి మందికి పైగా హెచ్చరిక అందింది. మరిగించడానికి కరెంటు పొయ్యి తప్ప ఇంకోటి లేనివాళ్లు ఏం చేయాలి? గ్యాస్ స్టవ్ ఉన్న ఇళ్లు అగ్గిపుల్లతో వెలిగించుకుని కాఫీ, అన్నం వండుకోగలిగాయి. అయితే అది వంటకే. గది వెచ్చబెట్టుకోవడానికి స్టవ్‌ను గంటల తరబడి వెలిగించి ఉంచితే మళ్లీ ఆ విషవాయువు భయమే.

ఒకే గది.. అందరూ

కరెంటు లేని ఇంట్లో వెచ్చదనానికి మిగిలేది మనిషి ఒళ్లే. ఇల్లంతా వెచ్చబరచడం కుదరదు కాబట్టి ఒక్క గదిని ఎంచుకోవాలి. చిన్నదై, ఎండ తగిలే దిక్కున ఉంటే మేలు. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. కిటికీలకు రగ్గులు వేలాడదీయాలి. పగలు ఎండ వస్తే తెర తీసి, పొద్దువాలగానే మూసేయాలి. పిల్లలాడుకునే గుడారం ఉంటే గది మధ్యలో వేసుకుని నలుగురూ అందులోనే పడుకోవడం ఇంకా మంచిది. ఒక్క మందపాటి కోటు కన్నా పలచటి బట్టలు మూడు నాలుగు వరసలు వేసుకుంటే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. తలకూ, పాదాలకూ ఉన్నివి ఉండాలి. తడి బట్టలు వెంటనే మార్చేయాలి. మన అమ్మమ్మలు కుట్టిన బొంతల్లోని కిటుకూ ఇదే. పొరల మధ్య చిక్కుకున్న గాలే చలికి అడ్డు.

వృద్ధులు, పసిపిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. వాళ్ల ఒంట్లో వేడి త్వరగా తగ్గుతుంది, చలిగా ఉందని చెప్పలేకపోవచ్చు కూడా. వణుకు ఆగిపోయి, మాట తడబడి, మగతగా ఉంటే అది కుదురుకోవడం కాదు, ప్రమాదం. వెంటనే వైద్య సహాయం కోసం ఫోన్ చేయాలి. కరెంటు వచ్చాక కూడా తొందరపడకూడదు. చిన్న హీటరును పరదాలకు, పరుపులకు మూడడుగుల దూరంలో ఉంచి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే తగిలించాలి.

తర్వాత ఏం మారింది?

ఇదంతా ఎవరూ ఊహించనిది కాదు. 2011 ఫిబ్రవరిలోనూ ఇలాగే చలి దెబ్బకు కేంద్రాలు ఆగాయి, కోతలు పడ్డాయి. యంత్రాలకు చలికాలపు రక్షణ కల్పించాలని అప్పుడే నివేదిక వచ్చింది. తప్పనిసరి చేయకపోవడంతో చాలామంది పట్టించుకోలేదు. చేతులు కాలాక, 2021 జూన్‌లో చట్టం చేశారు. విద్యుత్ కేంద్రాలు చలిని తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవడం తప్పనిసరైంది, తనిఖీలు మొదలయ్యాయి. 2024 జనవరి చలిలో వాడకం 78 వేల మెగావాట్లు దాటినా అలాంటి కోతల అవసరం రాలేదు.

గ్రిడ్డు బాగుపడటం ప్రభుత్వాల పని. ఇంటి సంగతి ఇంటివాళ్లదే. అమెరికాలో ఉన్న అమ్మాయికో, అబ్బాయికో ఫోన్ చేసినప్పుడు ‘అన్నం తిన్నావా, స్వెట్టరు వేసుకున్నావా’ అని అడగడం మనకు అలవాటు. శీతకాలం మొదట్లో ఇంకో మూడు ప్రశ్నలు కలిపితే మంచిది. నీళ్ల వాల్వు ఎక్కడుందో చూసుకున్నావా? కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీ మార్చావా? మూడు రోజులు కరెంటు లేకపోతే ఎవరింటికి వెళ్తావు?

వాటికి జవాబులు వెతుక్కోవడానికి అరగంట చాలు. కాకపోతే ఆ అరగంట కరెంటు ఉన్నప్పటిదై ఉండాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు.